కదలని వెచ్చదనం

మా వదిన, అంటే మా ఆయన అక్క, ఆ తెల్లపెట్టెను ఇంటికి తెచ్చిన రోజున, మా అత్తగారి మంచానికి ఎదురుగా గోడకున్న క్యాలెండరు తీసి నా చేతికిచ్చి, ఆ మేకుకే పెట్టెను తగిలించింది. ఇటుక కంటే కొంచెం చిన్నది. దాని తెరను మాత్రం వంటింట్లో, పొయ్యి దగ్గర నిలబడితే కంటికి ఎదురుగా ఉండేట్టు పెట్టింది. తెర వెలగ్గానే మంచం నల్లగా, దాని మీద అత్తగారు నారింజరంగులో కనబడ్డారు. ముఖం, మెడ, చంకలు ఎక్కువ వెలుగు. పక్షవాతం పడ్డ కుడిచెయ్యి కొంచెం మసక.

"ఇంక నువ్వు గడియారం చూసుకుంటా బతకాల్సిన పని లేదు హైమా," అన్నది వదిన. "ఒంట్లో వేడి పెరిగినా, ఆమె మంచం మీంచి జారినా ఇది అరుస్తాది. గాలిపరుపు కూడా తెచ్చినాను. కొన్నాళ్లు నువ్వు నిద్రపో."

మా అత్తగారు సుబ్బరత్నమ్మకు పక్షవాతం వచ్చి అప్పటికి రెండేళ్లు. రెండు గంటలకోసారి ఒక పక్కనుంచి ఇంకో పక్కకు తిప్పాలని, లేకపోతే ఒత్తుకున్న చోట పుండ్లు పడతాయని డాక్టరు మొదటిరోజే చెప్పాడు. ఎడమ, వెల్లకిల, కుడి. నేను ఒక నోటుపుస్తకంలో వేళ, పక్క రాసుకుంటూ తిప్పేదాన్ని. రెండేళ్లలో ఒక్క పుండు పడలేదు. ఎవరితోనూ అనలేదు గానీ, అది నా గొప్పేనని లోపల నాకు ఉండేది.

వదిన నా మీద దయతోనే ఆ పెట్టె తెచ్చింది. ఆమె దయ నాకు కొత్త కాదు. పెళ్లయ్యేనాటికి నాది బి.ఎస్సీ. రెండో ఏడు. ఆఖరి సంవత్సరం పరీక్షలనాటికి చంకలో మూడు నెలల బిడ్డ. ఇంక పరీక్షలెందుకని అందరూ అన్నారు. అప్పుడు బెంగళూరులో పరిశోధన చేస్తున్న వదిన నెలరోజులు సెలవు పెట్టి వచ్చింది. కాలేజీ వరండాలో నేలమీద కూచుని, బిడ్డను ఒళ్లో వేసుకుని, ఇంకో తొడమీద తన కాగితాలు పెట్టుకుని లెక్కలు వేసుకునేది. మూడు గంటలు కాగానే నేను బయటికి పరిగెత్తి బిడ్డకు పాలిచ్చేదాన్ని. తొమ్మిది పరీక్షలు అలాగే రాశాను. ఆ పట్టాతో నేను ఉద్యోగమేమీ చేయలేదు. వదిన కూడా ఎప్పుడూ ఎందుకు చేయలేదని అడగలేదు. ఆమె తన పని గురించి నాతో మాట్లాడేది, అంతే. నాకది చాలా పెద్ద విషయం.

మా మదనపల్లెకు గంటన్నర దూరంలో బోడిమల్లయ్య కొండ మీద, టెలిస్కోపుతో ఆకాశాన్ని పరిశీలించే వేధశాల ఉంది, ఆమె పనిచేసేది అక్కడే. మొదటిసారి నన్ను అక్కడికి తీసుకుపోయినప్పుడు వేడిని వెలుగుగా చూపించే పరారుణ కెమెరా ముందు నా చెయ్యి పెట్టమన్నది. తెరమీద నా చెయ్యి నిప్పుకణికలా మండింది. టేబుల్ మీద నేను చెయ్యి ఆనించి తీసిన చోట అయిదువేళ్ల ముద్ర కాసేపు వెలుగుతూనే ఉంది. ఈ చూపుకు లోకంలో చీకటి అనేది లేదని, టెలిస్కోపు అద్దం, దాని ఇనపగొట్టం, గాలి, పక్కనున్న మనిషి అన్నీ వెలుగుతూనే ఉంటాయని, ఆ వెలుగులో ఒక గెలాక్సీని వెతకడమంటే మిట్టమధ్యాహ్నం నక్షత్రాన్ని వెతకడమేనని చెప్పింది.

ఆమె వెతికేది కొన్ని ప్రత్యేకమైన గెలాక్సీలను. వాటి నడిమధ్యలో ఒక కృష్ణబిలం చుట్టూ ఉన్నదాన్నంతా మింగుతూ, మింగేముందు దాన్ని మండిస్తూ ఉంటుంది. ఆ మంట చుట్టూ దట్టంగా ధూళి. మామూలు చూపుకు ధూళి అడ్డం. కానీ ఆ ధూళే వేడెక్కి పరారుణంలో వెలుగుతుంది. లోపల మంట ఒక్కసారి ఎగిస్తే, కొన్ని నెలలకో ఏళ్లకో ధూళి వేడి కూడా పెరుగుతుంది. ఆ ఆలస్యాన్ని బట్టి ధూళి ఎంత దూరంలో ఉందో లెక్కగట్టవచ్చు. మూడువందల పన్నెండు గెలాక్సీలను ఆమె పదకొండేళ్లుగా చూస్తోంది.

మిగతా దేశాలవాళ్లు ఈ పనికి పరికరాలను ద్రవవాయువులతో గడ్డకట్టించి, మంచుకొండల మీద పెడతారు. వదినకు అంత స్తోమత లేదు. ఆమె, ఇంజనీరు మస్తాన్ వలీ కలిసి ఒక చిప్పు తయారుచేశారు. దానికి చల్లదనం అక్కర్లేదు. ఎదురుగా ఏది మారకుండా ఉందో దాన్ని అది తనంతట నేర్చుకుని, తీసివేసి, మారేదాన్ని మాత్రం చూపిస్తుంది. అద్దం వేడి, గొట్టం వేడి, గాలి వేడి అన్నీ అలా పోతాయి. వాళ్లు దాన్ని జల్లెడ అనేవాళ్లు. ఒకటే ఇబ్బంది. చిప్పు నేర్చుకునేందుకు రోజూ సాయంత్రం నలభై నిమిషాలు పోతాయి. తర్వాత పోల్చి చూసేందుకు టెలిస్కోపును పక్కనున్న వట్టి ఆకాశం మీదికి జరిపినప్పుడల్లా మళ్లీ కొంతసేపు.

నాలుగేళ్ల కిందట ఒక చలికాలం వదిన మా ఇంట్లో ఈ మాట చెప్పుకుని విసుక్కుంటోంది. నేను పిండి కలుపుతూ, రోజూ సున్నా నుంచి మొదలుపెట్టడమెందుకు, నిన్నటిది గరిటెడు మిగల్చుకుని ఇవాళ్టిదాంట్లో కలుపుకోకూడదా, చలికి పిండి పులవకపోతే మేం చేసేది అదే గదా అన్నాను. వదిన నవ్వి, సగంలో ఆపేసి, నా ముఖం చూసింది. తర్వాతి నెలనుంచి ఒక్కో గెలాక్సీకి ఒక్కో జ్ఞాపకాన్ని చిప్పులో దాచడం మొదలుపెట్టారు. ఇక టెలిస్కోపును జరపాల్సిన పని కూడా లేకపోయింది. తిరుపతిలో జరిగిన సభలో వదిన ఆ ఉపాయం మా మరదలిదని, నా పేరు చెప్పి మరీ అన్నది. నేను మూడో వరుసలో కూచుని ఉన్నాను. చప్పట్లు కొట్టినప్పుడు ఎటు చూడాలో తెలియలేదు.

ఆ తర్వాత రెండేళ్లకు ఆమెకు పెద్ద ఫలితమే దొరికింది. మూడువందల పన్నెండింటిలో నలభై ఒక్క గెలాక్సీల ధూళి మాయమైపోతోంది. లోపలి మంట మినుకుమినుకుమంటూనే ఉంది, చుట్టూ స్థిరంగా ఉండాల్సిన వేడి మాత్రం ఏడాదికేడాదికీ తగ్గిపోయింది. నాకు అర్థమయ్యేందుకు ఒక పేపరు అంచు మీద గీసి చూపించింది. ఎత్తున పోతున్న గీత మెల్లగా కిందికి దిగి, నేలకు అంటుకుని, చిన్న చిన్న అలలుగా వణుకుతూ పోతోంది. కొన్ని వేల ఏళ్లు పట్టాల్సింది కళ్లముందే జరుగుతోందన్నమాట. ఆ ఫలితాన్ని నమ్ముకునే కొండ మీద పెద్ద టెలిస్కోపుకు ఢిల్లీలో కమిటీ తల ఊపింది. ఇంకో అయిదు నెలల్లో వదిన పదవీ విరమణ. పెట్టె మా ఇంటికి వచ్చిన మరుసటి వారం, శుక్రవారానికి, వ్యాసం పంపాలి. అదే శుక్రవారం, అదే జల్లెడ చిప్పుతో రోగులను కనిపెట్టుకునే అరవై పెట్టెలు ఆసుపత్రులకు పోవాలి. మా ఇంటికి వచ్చింది వాటిలో మొదటిది.

పెట్టె వచ్చిన నాలుగో రోజు పొద్దున మా ఆయన టమోటా మార్కెట్టు ఆఫీసుకు వెళ్లాక నేను అన్నం వారుస్తుంటే తెర కూత పెట్టింది. దాని మీద ఇలా ఉంది: మంచం ఖాళీ.

గంజి చేతి మీద పడ్డా చూసుకోకుండా గదిలోకి పరిగెత్తాను. అత్తగారు గాలిపరుపు మీద వెల్లకిల పడుకుని పైకప్పు చూస్తున్నారు. నా ముఖం చూసి ఆమెకు భయం వేసింది. ఏమైందని అడిగితే, మీరు మంచంలో లేరని పెట్టె చెప్తోందన్నాను. ఆమెకు మాటలు నెమ్మదిగా, ఒక పక్కగా వస్తాయి.

"ఉండాను మే," అన్నారు. "లేసి పోయేంత బాగుంటే నీకు చెప్పకుండా పోతానా."

మస్తాన్ వలీకి ఫోన్ చేశాను. ఆపి మళ్లీ వేయమన్నాడు. వేశాను. ఆమె మళ్లీ నారింజరంగులో కనబడ్డారు. నేను నా పనిలో పడ్డాను. ఆ నాలుగు రోజులూ, ఆ తర్వాతా నేను ఆమెను తిప్పలేదు. పొద్దున ఒళ్లు తుడిచేటప్పుడు తప్ప కదిలించలేదు. వీపు తుడిచేదాన్నే గానీ దీపం పెట్టి చూసేదాన్ని కాదు. గాలిపరుపు ఉంది, పెట్టె ఉంది అనుకున్నాను. హాయిగానే ఉండింది, అబద్ధమెందుకు చెప్పాలి.

ఆదివారం నాటికి మళ్లీ మొదలైంది. ఈసారి కూత పెట్టకముందే చూశాను. ముందు పాదాలు మసకబారాయి. తర్వాత తొడలు, నడుము. ముఖం కూడా పోయింది. చివరికి మిగిలింది రొమ్ము దగ్గర ఒక చిన్న వెలుగు, ఊపిరితో వస్తూ పోతూ. తెరకు రెండో పేజీ ఉంది, అందులో ఒంటివేడి గీతగా పడుతుంది. అది నొక్కాను. ఎత్తున ఉన్న గీత మెల్లగా కిందికి దిగి, నేలకు అంటుకుని, చిన్న అలలుగా వణుకుతోంది. ఆ గీతను నేను అంతకుముందు చూశాను, ఒక పేపరు అంచు మీద.

గదిలోకి పోయి ఆమె నుదుటి మీద చెయ్యి వేశాను. కాలిపోతోంది. థర్మామీటరు పెడితే నూటొకటిన్నర. పక్కకు తిప్పాను. తుంటి కింద, ఎముక తగిలే చోట, చర్మం నల్లగా కమిలి చిట్లింది. అరచేతిలో సగం ఉంటుంది. జ్వరం ఒక్కసారి రాలేదు, రెండు రోజులుగా కొంచెం కొంచెంగా పెరిగింది. అది ఎంత నెమ్మదిగా పెరిగిందో పెట్టె కూడా అంతే నెమ్మదిగా దాన్ని నేర్చుకుని తీసివేస్తూ వచ్చింది.

డాక్టరు వచ్చి కట్టు కట్టి, సూది వేసి, నన్నేమీ అనలేదు. అనుంటే బాగుండేది.

ఆ రోజునుంచి మళ్లీ రెండు గంటలకోసారి తిప్పడం మొదలుపెట్టాను. పెట్టెను మాత్రం ఆపలేదు. ఎడమపక్కకు తిప్పగానే ఆమె తెరమీద భగ్గున వెలిగారు. అంతవరకు వెల్లకిల పడుకున్న చోట, మనిషి ఆకారంలో, పక్కనున్న పరుపు కంటే నల్లగా ఒక గుంట పడింది. తల, భుజాలు, చాచిన కాళ్లు అన్నీ తెలుస్తున్నాయి. పెట్టె ఆమెను ఇన్నాళ్లూ అక్కడ తీసివేస్తూనే ఉందన్నమాట. ఇప్పుడు ఆమె అక్కడ లేకపోయినా తీసివేస్తోంది. పొయ్యి కట్టేసి ఆ గుంటను చాలాసేపు చూశాను.

సోమవారం, మంగళవారం పెట్టె సంగతి వదినకు చెప్పలేదు. అమ్మకు జ్వరం, చిన్న పుండు అని మాత్రం చెప్పాను. శుక్రవారం పని చూసుకుని వస్తానన్నది. నేనెవరిని చెప్పడానికి, పాతికేళ్లనాటి బి.ఎస్సీ. సెకండ్ క్లాసు దాన్ని అనుకున్నాను. ఆమె పదకొండేళ్ల పని అనుకున్నాను. ఇంకో మాట కూడా ఉంది. గరిటెడు పిండి మిగల్చమన్నది నేను. వరండాలో కూచుని నా బిడ్డను ఆడించిన మనిషికి నేను తిరిగి ఇచ్చిన ఒకే ఒక్క వస్తువు అది. దాన్నే నేను పోయి తప్పని చెప్పాలి.

బుధవారం మా ఆయనను ఒకపూట సెలవు పెట్టించి అత్తగారి దగ్గర కూచోబెట్టాను. ఏ వేళకు ఏ పక్కకో కాగితం రాసిచ్చి, వదినకు క్యారియరు కట్టుకుని బస్సెక్కాను.

కొండ మీద వదిన, మస్తాన్ వలీ వ్యాసంలో బొమ్మలు సరిచూసుకుంటున్నారు. నన్ను చూసి వదిన అమ్మకేమైందని లేచింది. బాగానే ఉన్నారని చెప్పి, ఫోనులో తీసిన తెర ఫొటోలు ఒక్కొక్కటే చూపించాను. మాయమైనది, గీత, చివరికి ఆ నల్లగుంట. ఆమె గుంటను చూసి ఆగిపోయింది. వేళ్లతో పెద్దది చేసి చూసింది.

నేను ఒక్కటే అడిగాను. ధూళి పోయిందంటున్న నలభై ఒక్కటీ ఎక్కువ చూసినవా, తక్కువ చూసినవా?

మస్తాన్ వలీ కంప్యూటరు వైపు తిరిగి, మూడువందల పన్నెండు పేర్లనూ చూసిన గంటల ప్రకారం వరుసలో పెట్టాడు. నలభై ఒక్కటీ పైనే వచ్చాయి. ఒక్కటి కూడా కింద లేదు. వదినకు బాగా ఇష్టమైనవి, ఏ చిన్న మార్పూ తప్పిపోకూడదని రాత్రి తర్వాత రాత్రి, చిప్పు మీద వెంట్రుకవాసి జరగకుండా అదే చోట నిలబెట్టి చూసినవి. ఊరికే అప్పుడప్పుడు చూసి వదిలేసినవాటి ధూళి మాత్రం చెక్కుచెదరలేదు.

"మేడం," అన్నాడు మస్తాన్ వలీ, "తీసేసినదాంట్లో ఒకసారి చూద్దామా?"

చిప్పు నేర్చుకుని పక్కకు పెట్టింది ఒక్కో గెలాక్సీకి ఒక్కో బొమ్మగా ఉంటుందట. అందులో ఉండాల్సింది అద్దం వేడి, గాలి వేడి మాత్రమే. ఎవరూ ఎప్పుడూ తెరిచి చూడలేదు. చెత్తను ఎవరు చూస్తారు. అతను మొదటిది తెరిచాడు. బూడిదరంగు మధ్యలో, సరిగ్గా నడిమధ్యలో, తెల్లటి చుక్క. రెండోది తెరిచాడు. చుక్క. ఆరో ఏడో అయ్యాక వదిన చాలని చెయ్యెత్తింది.

కిటికీ బయట కోతి ఒకటి నీళ్లట్యాంకు మూత తీయాలని చూస్తోంది. మస్తాన్ వలీ లేచి దాన్ని అదిలించే వంకతో బయటికి పోయాడు.

"ఆ ఉపాయం నాది వదినా," అన్నాను.

"పిండి నీది," అన్నది వదిన. "ఎంతసేపు పులుస్తా ఉండాదో చూసుకోవాల్సింది నేను. నువ్వు మిగల్చమన్నావు, మూత తీసి చూడొద్దని చెప్పలేదు గదా." తర్వాత క్యారియరు వైపు చూసి, "ఏం తెచ్చినావు?" అన్నది.

ఉర్లగడ్డ కూర, సంగటి. ఆమె సగం తిన్నది. చెయ్యి కడుక్కుని వచ్చి, ముందు ఫోన్ చేసింది వ్యాసం సంగతికి కాదు, అరవై పెట్టెల సంగతికి. వ్యానులోకి ఎక్కించినవాటిని కూడా దించమన్నది. అటువైపు మనిషి ఏదో వాదిస్తున్నాడు. మా అమ్మ ఒంటి మీద పుండుంది, వచ్చి చూసి అప్పుడు వాదించమని చెప్పి పెట్టేసింది. ఆ తర్వాత ఢిల్లీ కమిటీవాళ్లకూ తోటి శాస్త్రవేత్తలకూ అందరికీ ఉత్తరం రాసింది. తప్పు తనదని, చిప్పును తాను సరిగా పరీక్షించలేదని, ఫలితాన్ని వెనక్కి తీసుకుంటున్నానని. అందులో నా పేరు లేదు. నా పేరు గొప్పగా చెప్పాల్సినప్పుడు సభలో చెప్పింది, చెప్పకూడనప్పుడు చెప్పలేదు. ఆమెకు నేను ఎన్ని విషయాలకు దణ్ణం పెట్టుకోవాలో, అందులో ఇదొకటి.

పెద్ద టెలిస్కోపు మంజూరు ఆగిపోయింది. ఢిల్లీలో ఒకాయన, ఆమె గెలాక్సీలను చూసి చూసి అరగదీసిందని నవ్వాడట. ఆ మాట వదినే మాకు చెప్పి, బాగానే అన్నాడు అన్నది.

ఆ బుధవారం సాయంత్రమే వదిన నాతో బస్సులో వచ్చింది. పుండు కట్టు విప్పి చూసినప్పుడు ఆమె ముఖం నేను చూడలేకపోయాను. మర్నాటినుంచి కట్టు తానే మార్చింది. మిగిలిన సెలవంతా పెట్టేసి, కొండకూ ఇంటికీ తిరుగుతూ, మూడు నెలలు అదే పని. మొదట్లో ఆమెకు తిప్పడం చేతకాలేదు. భుజం పట్టి లాగేది. దుప్పటి అంచు పట్టుకుని మనిషిని మనవైపు దొర్లించాలని, మోకాళ్ల మధ్య దిండు పెట్టాలని, మడమలు గాల్లో ఉండాలని నేర్పాను. ఇంత చదివి ఇది రాదా అని అత్తగారు ఎగతాళి చేసేవాళ్లు. పుండు అంచులనుంచి లోపలికి, గులాబీరంగులో, రోజుకో గింజంత మానుతూ వచ్చింది.

కొండ మీద మస్తాన్ వలీ ఒక్కడే నలభై ఒక్కటినీ మొదటినుంచి చూడడం మొదలుపెట్టాడు. ప్రతి సాయంత్రం చిప్పు జ్ఞాపకాన్ని పూర్తిగా తుడిచేయడం, నలభై నిమిషాలు పోతే పోనివ్వడం. రెండు నిమిషాలు గెలాక్సీ మీద, రెండు నిమిషాలు పక్కనున్న వట్టి ఆకాశం మీద, మళ్లీ గెలాక్సీ మీద. చిప్పుకు అలవాటు పడే తీరిక ఇవ్వకుండా తిప్పుతూ ఉండడమే. పాత పద్ధతే. చాలా నిదానం. ఒక్కోదానికి రెండేసి రాత్రులు పట్టేది.

సంక్రాంతి వెళ్లి రథసప్తమి కూడా అయ్యాక ఒక పొద్దున, తొమ్మిది గంటలప్పుడు, నేనూ వదినా చెరో పక్కన నిలబడి అత్తగారిని కుడినుంచి ఎడమకు తిప్పుతున్నాం. వదిన ఫోన్ మోగింది. ఆమె తీయలేదు. దొర్లించి, దిండు సర్ది, మడమల కింద చుట్టిన తువ్వాలు పెట్టి, జాకెట్టు ముడత పడకుండా వీపు మీద లాగింది. ఫోన్ ఆగి మళ్లీ మోగింది. అప్పుడు తీసింది.

మస్తాన్ వలీ ఏం చెబుతున్నాడో నాకు వినబడలేదు. ఆమె ఊఁ, ఊఁ అంటూ నిలబడింది. కొంతసేపటికి మంచం పట్టె మీద కూచుంది.

"నలభై ఉండాయంట," అన్నది నాతో. "ధూళి ఎట్లుండింది అట్లే ఉండాది. ఒక్కటి మాత్రం నిజంగానే చల్లబడతా ఉండాది. తుడిచి తుడిచి ఆరుసార్లు చూసినాడంట."

ఒక్కటి. నలభై ఒక్కటి అని లోకానికి చెప్పిన చోట ఒక్కటి. నేను ఆమె ముఖంలో నష్టం కోసం వెతికాను. పదకొండేళ్లు తాను చూసినవన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయని తెలిసిన మనిషి ముఖం అది. ఇంటికి చేరాల్సినవాళ్లు చేరారని విన్నప్పుడు మనకు ఉంటుందే, అలా ఉంది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. బుధవారం బస్సెక్కకపోయి ఉంటే ఈ ముఖం నేను చూసేదాన్ని కాదు.

అత్తగారు గోడవైపు తిరిగి ఉన్నారు. మా మాటలన్నీ వింటూనే ఉన్నారు.

"ఏంది ఉండేది?" అన్నారు.

వదిన వంగి, ఆమె చెవి దగ్గర, తాను పోయాయనుకున్నవన్నీ ఉన్నాయని చెప్పింది.

"పోయినాయని ఎవురన్నారు?"

"నేనే అన్నాను మా. తప్పు చెప్పినాను."

అత్తగారు ఎడమచెయ్యి వెనక్కి చాచి తడుముకుని, వదిన మోకాలు దొరికాక దాని మీద పెట్టుకున్నారు. వదిన కదలకుండా కూచుంది. ఆ చెయ్యి అక్కడున్నంతసేపూ అలాగే కూచుంది.